మేకప్‌కు మూడు అర్థాలు

జూన్ 3

పిట్టా,

నిన్న పొద్దున సంగతి చెబుతాను. విశేషమైన పొద్దు ఏమీ కాదు. ఐదింటికి లేచాను. ప్రార్థన చేసుకున్నాను. కిందికి దిగి ప్రెస్సు తలుపులు తీశాను. జిగురు గిన్నెను వేడినీళ్లలో పెట్టాను. ఎదురుగా బేకరీ ఆవిడ సగం షట్టరు ఎత్తి, ఎప్పటిలాగే వంగి దూరింది. తమ్ముడు మెట్ల మీద తుమ్మాడు. పైనుంచి అమ్మ "ఎవరొచ్చారే?" అని అడిగింది. ఈ మధ్య అమ్మకు మన మాటలేవీ వినిపించడం లేదు, వాడి తుమ్ము తప్ప.

మొన్న అచ్చువేసిన కాగితాలు ఆరాయి. కిటికీ పక్క బల్ల మీద పేర్చుకుని మడవడానికి కూర్చున్నాను. అది నీ ఇంగ్లీషు పాఠాల పుస్తకం మూడో ఫారం, ఒకే కాగితం మీద పదహారు పేజీలు. ముప్పై మూడో పేజీ నుంచి నలభై ఎనిమిది దాకా.

మడిచేది చదవకూడదని నాన్న పెట్టిన నియమం నీకు గుర్తుండే ఉంటుంది. చదివితే లెక్క తప్పుతుంది అనేవాడు. ముప్పై రెండేళ్లలో నేను చదవలేదు. ఎందరో రాసిన ఎన్నెన్నో సంగతులు నా వేళ్ల కింద నుంచి వెళ్లిపోయాయి. కాని ఇది నువ్వు రాసింది. కళ్లు ఆగలేదు.

పైన ఇంగ్లీషు, కింద తెలుగు. నాకు కింది వరుస చాలు. ముప్పై నాలుగో పేజీలో ఇలా ఉంది.

మొదటి ఏడాది ఇద్దరికీ బాగా కుదిరింది. తర్వాత ఏదో చిన్న విషయం మీద చెడింది. ఆమె అతని మౌనాన్ని ఓర్చుకుంటోంది. ఇద్దరూ మెల్లమెల్లగా దూరమయ్యారు. పదకొండేళ్ల తర్వాత అతను ఆమెను వదిలి వెళ్లిపోయాడు.

నీ పెళ్లై పదకొండేళ్లు.

లెక్క తప్పింది. రెండు వందల దగ్గర మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ తప్పింది.

నువ్వు ఊరికే ఉండలేక మాట్లాడే మనిషివి. నోటితో చెప్పలేనిది ఉంటేనే ఇలా ఉదాహరణల్లో దాచిపెడతావు. మరిది ఇంట్లోనే ఉన్నాడా? ఉన్నది ఉన్నట్టు రాయి. ఫోను చేయను. ఫోనులో నాకు మాట రాదు, నీకు మాట ఆగదు.

ఇంకా ఎవరికీ చెప్పలేదు.

నీ
పెద్దక్క

* * *

జూన్ 8

నా పెద్దక్కకు,

నీ ఉత్తరం సాయంత్రం క్లాసులో విప్పాను. నవ్వు ఆపుకోలేక సుద్దముక్క కింద పడేశాను. ముందు వరుసలో కూర్చునే బస్సు కండక్టరు దాన్ని తీసిచ్చి, "టీచర్, ఇప్పుడిది ఫాల్ అవుట్ అయినట్టా?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. అయ్యా, ఫాల్ అంటే పడటం, ఫాల్ అవుట్ అంటే ఇద్దరికి చెడటం, సుద్దముక్కకీ నాకూ ఏ గొడవా లేదు అని చెప్పాను. "మరి బస్సులోంచి పడితే?" అన్నాడు. అప్పుడు ఆస్పత్రి అని చెప్పాను.

నీకు ఇది అర్థమయ్యేలా చెప్పడం నా ధర్మం. ఇంగ్లీషులో క్రియ ఒంటరిగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. వెనక పిసరంత తోక తగిలించావో, దాని స్వభావమే మారిపోతుంది. ఫాల్ అవుట్ అంటే చెడటమా, అదే ఫాల్ ఫర్ అంటే మనసు పారేసుకోవడం! లుక్ ఆఫ్టర్ అంటే చూసుకోవడం, లుక్ డౌన్ ఆన్ అంటే చులకనగా చూడటం. చూపు ఒకటే, తోక వేరు. మనుషుల మధ్య నడిచే సంగతులన్నీ వీళ్లు ఈ తోకలతోనే చెప్పుకుంటారు.

విడివిడి వాక్యాలు ఇస్తే మా వాళ్లకు ఒక్కటీ గుర్తుండటం లేదు. మా క్లాసులో దర్జీ ఉంది, నర్సు ఉంది, తాళాలు బాగుచేసే ఆయన ఉన్నాడు. పగలంతా పని చేసి వస్తారు, పాపం. అందుకని ఒక జంటను పట్టుకుని ఈ క్రియలన్నీ వాళ్లచేత చేయించాను. ఆ జంట ఆ అధ్యాయంలో కలిసింది, చెడింది, విడిపోయింది, మళ్లీ కలిసింది. ఎంత అలిసిపోయి ఉంటారో! పదకొండేళ్లని ఎందుకు రాశానంటే, చేతికి ఆ అంకె అలవాటు. అంతే.

ఆయన నిక్షేపంగా ఉన్నాడు. షాపులో కళ్లద్దాలు అరగదీసుకుంటున్నాడు. నిన్న పొద్దున నుంచి మొత్తం ఆరు మాటలు మాట్లాడాడు, లెక్కపెట్టాను. అందులో రెండు "ఊఁ"లు. ఇద్దరమే ఉండే ఇంట్లో ఆ ఆరు మాటలూ ఎక్కడ పడ్డాయో వెతుక్కోవాలి. తమాషాకి అంటున్నానులే.

కంగారుపడకు. అదంతా మేకప్, పెద్దక్కా! ఒట్టి మేకప్!

మిగతా ఫారాలు తొందరగా మడువు. చదవకుండా.

నీ వాగుడుకాయ
పిట్ట

* * *

జూన్ 13

పిట్టా,

నీ ఉత్తరంలో చివరి మాట అర్థం కాక నీ పుస్తకమే తీశాను. ముప్పై ఆరో పేజీలో ఉంది. "మేకప్: చెడిన ఇద్దరు మళ్లీ కలవడం, రాజీపడటం." ఊపిరి వచ్చింది. వెళ్లిన మనిషి తిరిగి వచ్చాడన్నమాట. ఆ పూట ప్రార్థనలో ఇంకేమీ అడగలేదు, కృతజ్ఞత చెప్పుకున్నాను.

ఆ జంట కబుర్లన్నీ నన్ను ఊరడించడానికేనని తెలుసు, చివరికైనా గొడవ జరిగిన మాట నిజమేనని నువ్వు దాపరికం లేకుండా ఒప్పుకున్నందుకు సంతోషం. మీరు కలిశారు కనక ఇక దాచడం ఎందుకని ఇంట్లో చెప్పాను.

అమ్మకు రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "ఈ వయసులో దానికి మేకప్ ఎందుకే, మొదటినుంచీ బాగానే ఉంటుందిగా!" అంది. మరదలు పక్కన కూర్చుని విడమరిచి చెప్పింది. తర్వాత అమ్మ కళ్లు తుడుచుకుంది.

తమ్ముడు ఆగలేదు. మరిదికి ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను. "బావా, అయిందేదో అయింది. మేకప్ అయ్యారట, సంతోషం. ఇంకోసారి మాత్రం మా చెల్లెల్ని వదిలి గడప దాటావో, చెబుతున్నా!" అన్నాడు. మరిది "సరే" అన్నాడట. "ఏం జరిగిందో మాకు తెలియదనుకోకు, ముప్పై నాలుగో పేజీలో అంతా ఉంది" అని వీడు అన్నాడు. తర్వాత "ఆ పేజీ నాకు పంపుతారా?" అని అడిగాడట.

అల్లుడు ఏదైనా అడగడం ఇదే మొదటిసారి అని అమ్మ మురిసిపోయింది. నిన్నటి బస్సు పార్సిల్లో ఆ ఫారం ఒకటి మడిచి షాపుకు పంపాను.

పుస్తకం కుట్టడం మొదలుపెట్టాను. నూట పది అయ్యాయి.

నీ
పెద్దక్క

* * *

జూన్ 19

పెద్దక్కా,

ఎంత పని చేశావు!

మేకప్‌కు రాజీ ఒక్కటే అర్థం కాదు. కల్పించడం అని ఇంకో అర్థం ఉంది. లేనిది పుట్టించడం. కట్టుకథ. "అదంతా నేను కల్పించింది" అని చెప్పాను నీకు. తొందరలో మేడప్ అనాల్సిన చోట మేకప్ అని గీకాను. టీచర్ని, నాకు తగిన శాస్తే. కాని నేను నమ్ముకున్న పెద్దక్క, పది మాటల్లో రెండే పైకి అనే మనిషి, ఇల్లంతా చాటింపు వేస్తుందని అనుకోలేదు.

ఆయన పార్సిలు తెచ్చుకుని ఇంటికి వచ్చాడు. భోజనాల బల్ల మీద ఆ ఫారం పరిచాడు. మడతలు విప్పి, చేత్తో సాపు చేసి, వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాడు. వదిలి వెళ్లిపోయాడన్న వాక్యం దగ్గర ఆగుతాడనుకున్నాను. దాన్ని దాటేశాడు. మళ్లీ పైకి వచ్చాడు. "ఆమె అతని మౌనాన్ని ఓర్చుకుంటోంది" అన్న దాని మీద వేలు పెట్టాడు.

"ఇది నేనేనా?" అన్నాడు.

"కాదు" అంటే అయిపోయేది. అది రెండక్షరాల మాట. రోజూ నాలుగు గంటలు పాఠం చెప్పే నోరు నాది. రాలేదు పెద్దక్కా. ఆ మాట బయటికి రాలేదు.

ఆయన లేచాడు. కంటి కొలతల పెట్టె, రెండు చొక్కాలు తీసుకున్నాడు. షాపు వెనక గదిలో ఉంటానన్నాడు. కోపంగా కాదు. "నీకు కొన్నాళ్లు ఓర్చుకునే పని లేకుండా ఉంటుంది" అన్నాడు. వెళ్తూ తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేశాడు.

నేను కల్పించిన వాక్యం నా ఇంట్లోనే నిజమై కూర్చుంది. అచ్చు ఆపెయ్యండి. అన్నయ్యను ఇక్కడికి రానివ్వకు. ఎవరూ రావద్దు.

పిట్ట

* * *

జూన్ 22

పిట్టా,

తప్పు నాది. నియమం తప్పి చదివాను. చదివి సగమే అర్థం చేసుకున్నాను. ఆ సగాన్ని పంచిపెట్టాను. క్షమించు.

అచ్చు ఆగింది. తమ్ముడు చొక్కా ఇస్త్రీ చేయించుకుని, ఎవరిదో వ్యాను మాట్లాడి, నిన్ను తీసుకొస్తానని కూర్చున్నాడు. "మనం ఫోను చేయబట్టే వెళ్లాడురా" అంటే, "వెళ్లేవాడు కాబట్టే వెళ్లాడు" అంటాడు. అమ్మ నీ గది దులిపించింది. మరదలు ఎటూ మాట్లాడటం లేదు, దుప్పట్లు మాత్రం ఉతికింది. వ్యాను తాళం నా దగ్గర ఉంది. నీ మాట వచ్చేదాకా ఇవ్వను.

నువ్వు తోకల గురించి రాసింది మళ్లీ చదివాను. మనకూ ఉన్నాయి కదా అనిపించింది. మాట ఇస్తాం. మాట తప్పుతాం. మాట జారతాం. మాట పడతాం. మాట కలుపుతాం. మాట ఒకటే. నా వల్ల మరిది మాట పడ్డాడు. ఇప్పుడు ఎవరో ఒకరు మాట కలపాలి.

ఇంకో ఫారం పంపుతున్నాను. అందులో ఏది కల్పించావో, ఏది నిజమో నువ్వే గుర్తుపెట్టి పంపు. మళ్లీ నేను ఊహించను. ఒక్కటి మాత్రం సూటిగా అడుగుతాను. నీకు ఇక్కడికి రావాలని ఉందా, ఆయన తిరిగి ఇంటికి రావాలని ఉందా?

ప్రార్థనలో మీ ఇద్దరినీ కలిపే తలుచుకుంటున్నాను. విడివిడిగా చేతకావడం లేదు.

పెద్దక్క

* * *

జూన్ 27

పెద్దక్కా,

నిన్ను తిట్టాలని నాలుగు కాగితాలు రాశాను. చింపేశాను. నా వాక్యాన్ని నువ్వు అపార్థం చేసుకున్నావు, నిజమే. ఆయన చేసుకోలేదు. సరిగ్గా చదివాడు. అదే నా బాధ.

ఫారం పంపుతున్నాను. ఎర్ర సిరాతో గుర్తుపెట్టాను. ఇరవై ఆరు వాక్యాల్లో ఇరవై నాలుగు కట్టుకథలు. రెండే నిజం. ఒకటి నీకు తెలిసిందే, మౌనాన్ని ఓర్చుకోవడం. రెండోది ముప్పై ఐదులో ఉంది, కౌంట్ ఆన్ కింద. "ఆమె అతన్ని నమ్ముకోవచ్చు." నువ్వూ ఆ పేజీ మడిచావు, ఆయనా చదివాడు. ఎవరూ దాని దగ్గర ఆగలేదు. మంచి వాక్యాలకు ఎవరూ వేలు పెట్టరేమో.

ఇంకొకటి ఉంది. అది పుస్తకంలో లేదు. నేను పొద్దున లేచేసరికి నా కళ్లద్దాలు తుడిచి, కాడలు మడిచి, కిటికీ అంచున పెట్టి ఉంటాయి. పదకొండేళ్లుగా. ఎప్పుడు తుడుస్తాడో ఒక్కనాడూ చూడలేదు. పెట్టుకుంటే వీధి అవతలి బోర్డు మీద అక్షరాలు కూడా తేటగా కనిపిస్తాయి. ఆ పనికి తోక మాట ఏదీ దొరకలేదు, అందుకని రాయలేదు. ఇప్పటికి పది రోజులు. చీర చెంగుతో తుడుచుకుంటున్నాను, మరకలు ఇంకా అలుముకుంటున్నాయి. నిన్న బోర్డు మీద స్పెల్లింగు తప్పు రాశాను. కండక్టరు దిద్దాడు.

రెండుసార్లు షాపు దాకా వెళ్లాను. అద్దంలోంచి చూస్తే ఎవరో ముసలాయనకు ఫ్రేము పెట్టి చూస్తున్నాడు. ముసలాయన ఏదో చెబుతున్నాడు, ఈయన వింటున్నాడు. లోపలికి వెళ్లి ఏం చెప్పను? పన్నెండేళ్లుగా ఇంగ్లీషు నేర్పుతున్నాను, మొగుడితో మొదటి వాక్యం ఏ భాషలో మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఆయన ఇంటికి రావాలని ఉంది. అంతే.

నీ
పిట్ట

* * *

జూలై 2

పిట్టా,

ఈ ఉత్తరం పోస్టులో రావడం లేదు. తెచ్చిచ్చిన మనిషిని ముందు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి, తర్వాత చదువు.

ఇవాళ పదింటికి మరిది ప్రెస్సుకు వచ్చాడు. ఎవరూ పిలవలేదు. తమ్ముడు అతన్ని చూడగానే మిషను వెనక్కి వెళ్లి, బాగానే ఉన్న రోలరును బాగుచేయడం మొదలుపెట్టాడు. మరిది నా బల్ల పక్క స్టూలు మీద కూర్చున్నాడు. నేను కుట్టిన పుస్తకాల దారాల కొసలు తెంపుతున్నాను. చాలాసేపు ఇద్దరం ఏమీ అనలేదు. మాకిద్దరికీ అది ఇబ్బందిగా లేదు.

నా కళ్లద్దాలు బల్ల మీద ఉన్నాయి, వాటి నిండా జిగురు మరకలు. అతను జేబులోంచి చిన్న గుడ్డ తీశాడు. అద్దాలు ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు, నోటి ఆవిరి పట్టించాడు, తుడిచాడు, కాడలు మడిచి నా చేతికి దగ్గరగా పెట్టాడు. ఏం చేశాడో అతనికే తెలిసినట్టు లేదు.

నీ ఉత్తరంలోంచి ఒక్క మాట బయటపెట్టాను. ఇదైనా సరిగ్గా చేరవేశాననుకుంటున్నాను. "అక్కడ మసకగా ఉందట బాబూ" అన్నాను.

అతను తల వంచుకున్నాడు. అప్పుడే తమ్ముడు తుమ్మాడు. "ఎవరొచ్చారే?" అంటూ అమ్మ దిగివచ్చింది. అల్లుణ్ణి చూసి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏమయ్యా, మా పిల్లతో మాట్లాడవట, ఎందుకని?"

అతను ఏదో అన్నాడు.

"ఏమిటీ?"

మళ్లీ అన్నాడు.

"గట్టిగా చెప్పు నాయనా, నాకు వినపడదు."

మరిది లేచి నిలబడ్డాడు. "తను మాట్లాడుతుంటే వినడం నాకు ఇష్టం అత్తయ్యా! నేను మాట్లాడితే తను ఆపేస్తుందని!" అని అరిచాడు. మిషను వెనక రోలరు పని ఆగిపోయింది. ఎదురు బేకరీ ఆవిడ గుమ్మంలోకి వచ్చి చూసింది. అమ్మకు అప్పటికీ సగమే అందింది. "ఏం ఆపేస్తుంది?" అంది. అతను మొత్తం మళ్లీ మొదటినుంచి చెప్పాడు, ఇంకా గట్టిగా. ఓర్చుకుంటోందని తనకు తెలియదన్నాడు. వింటున్నానని నీకు తెలుసనుకున్నాడట. పదకొండేళ్ల మాటలు వీధి వీధంతా విన్నది.

అమ్మ నా వైపు తిరిగి, "మంచి గొంతే, ఎందుకు దాచుకున్నాడు?" అంది.

తమ్ముడు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "బావా, నేను తొందరపడ్డాను" అన్నాడు. "సరే" అన్నాడు మరిది. ఆ "సరే" వేరుగా ఉంది.

తర్వాత అతను పెన్సిలు అడిగాడు. ముప్పై ఆరో పేజీ చివర మేకప్ కింద కాస్త ఖాళీ ఉంది కదా, అక్కడ ఏదో రాశాడు. రెండుసార్లు చెరిపి రాశాడు. ఆ ఫారం మడిచి ఈ ఉత్తరంతో పెట్టాను. మడిచేది చదవకూడదు. చదవలేదు.

భోజనం చేసి వెళ్లమన్నాం. ఆరున్నర బస్సు పట్టుకుంటానన్నాడు. అతను స్నానం చేస్తున్నప్పుడు మేం నలుగురం కూర్చుని తేల్చుకున్నవి ఇవి.

నిన్ను తీసుకురావడానికి ఎవరూ రారు. వ్యాను తాళం తిరిగి ఇచ్చేశాం. నీ గది దులిపే ఉంటుంది. ఇద్దరూ రావాలనిపించినప్పుడు రండి. పిలవం, అడగం.

ముప్పై నాలుగో పేజీ ఒక్క అక్షరం కూడా మార్చం. అది నువ్వు కల్పించిన జంట గొడవ.

ముప్పై ఆరో పేజీ మారుతుంది. మూడో ఫారం మొత్తం తమ్ముడు మళ్లీ అచ్చువేస్తాడు. నూట పది పుస్తకాలూ విప్పి, కొత్త ఫారం పెట్టి, నలుగురం కలిసి మళ్లీ కుడతాం. అమ్మ దారం ఎక్కిస్తానంది. మేకప్ కింద రాజీతో పాటు "కల్పించడం" అని కూడా ఉంటుంది. నాలాంటి వాళ్లు ఇంకెవరైనా చదవచ్చు.

మేకప్‌కు ఫర్ అని ఇంకో తోక తగిలిస్తే మూడో అర్థం ఉందట, చేసిన తప్పును, ఏర్పడిన లోటును పూడ్చడం. ఇవాళ మరిది చెప్పాడు. నీ పాఠాలు పక్క గదిలోంచి విని నేర్చుకున్నాడట. ఆ అర్థం కూడా వేస్తాం. దాని కింద ఉదాహరణకు రెండు వరుసలు ఖాళీ వదిలాం. అది ఏమని రాయాలో నువ్వొక్కదానివే పంపితే తీసుకోకూడదని, అతనొక్కడే పంపినా తీసుకోకూడదని అమ్మ అంది. ఇద్దరి చేతిరాతా ఉండాలట. అది వచ్చేదాకా మిషను తిప్పనని తమ్ముడు ప్లగ్గు పీకేశాడు.

పెద్దక్క